లస్కరు వెళ్ళిపోయాక తూము ఎవరు తిప్పాలి?

ప్రశ్న: మాస్టారూ, నమస్తే అండి. మాది పాలకొల్లు. రెండేళ్ళు హైదరాబాదులో ఉద్యోగం చేసి, పెళ్ళయ్యాక ఇటు వచ్చి, భీమవరంలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. రొయ్యలు కొనే ఏజెన్సీల కోసం మావాళ్ళు ఒక అప్లికేషన్ నడుపుతున్నారు. రైతు, చెరువు, పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టడం), కాటా, కౌంటు, బిల్లు, పేమెంటు అన్నీ అందులోనే. బ్యాకెండు (తెర వెనక నడిచే కోడు) పైథాన్‌లో రాసే జాంగోలో ఉంది, డేటాబేసు పోస్ట్‌గ్రెస్. ఐదేళ్ళుగా దాన్ని ఒంటిచేత్తో రాసిన సీనియర్ అన్నయ్య పోయిన నెల మానేసి బెంగళూరు వెళ్ళిపోయారు. మా సార్ నన్ను పిలిచి "బ్యాకెండు కోడు ఎలా అమర్చి ఉందో మొత్తం డాక్యుమెంటు రాసెయ్యమ్మా, రెండు వారాలు చాలుగా" అన్నారు. 14 ఫోల్డర్లు, 200 పైచిలుకు ఫైళ్ళు ఉన్నాయి. ఒక్కో ఫైలూ తెరిచి, ఏ ఫంక్షన్ ఏం చేస్తుందో రాసుకుంటూ పోతున్నాను. 40 పేజీలయ్యాయి, ఇంకా ఐదో ఫోల్డర్లోనే ఉన్నాను. ఈలోగా మొదటి ఫోల్డర్లో రెండు ఫైళ్ళు నేనే మార్చాల్సి వచ్చింది. ఇది ఎప్పటికి తెములుతుంది? అసలు ఇలాగేనా రాసేది? ఇంగ్లిషులోనే రాయాలా, తెలుగు మాటలు పెట్టొచ్చా? ఇంకోటండి, కోడులో ఒకచోట "తేదీ 2022 ఏప్రిల్ 4కి ముందైతే" అని ఒక షరతు ఉంది. ఎందుకో ఆఫీసులో ఎవరికీ తెలీదు. తీసేయమంటారా?
ఇట్లు, ఒక సోదరి, పాలకొల్లు

సమాధానం: అమ్మా, చివరి ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. ఆ షరతు జోలికి వెళ్ళకండి.

2022 ఏప్రిల్ 4న మన రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. ముందురోజు దాకా పశ్చిమ గోదావరి అంటే ఏలూరు కేంద్రంగా ఉన్న పెద్ద జిల్లా. ఆ రోజు నుంచి అదే పేరుకి భీమవరం కేంద్రంగా ఉన్న చిన్న జిల్లా అని అర్థం. కైకలూరు వైపు చెరువులు కృష్ణా జిల్లాలోంచి ఏలూరు జిల్లాలోకి వెళ్ళాయి. అమలాపురం తూర్పు గోదావరిలోంచి విడిపోయి కోనసీమకి కేంద్రమైంది. కొత్త పేరు వస్తే మనిషి జాగ్రత్త పడతాడు. పాత పేరే ఉండి లోపల సరుకు మారిపోతే ఎవరికీ అనుమానం రాదు. 2021 బిల్లులూ 2023 బిల్లులూ కలిపి జిల్లావారీగా లెక్క తీస్తే పశ్చిమ గోదావరిలో కొనుగోళ్ళు సగానికి సగం పడిపోయినట్టు కనపడుతుంది, ఎవరో కంగారు పడతారు. మీ కోడు నేను చూడలేదు కానీ, ఆ షరతుకి దగ్గర్లో జిల్లాల పట్టిక ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే కారణం ఇదే అయ్యుంటుంది.

ఇప్పుడు మీ 40 పేజీలు తెరిచి చూడండి. ఆ షరతు ఉన్న ఫంక్షన్ గురించి బహుశా "తేదీని బట్టి జిల్లా కోడు ఇస్తుంది" అని రాసి ఉంటారు. అందులో తప్పేమీ లేదు, కానీ ఆ ఫంక్షన్ చదివిన ఎవరికైనా అది తెలిసిపోతుంది. తెలియంది ఎందుకు అన్న ముక్క. మీరు ఆగిపోయింది అక్కడే, రేపు మీ తర్వాత వచ్చే పిల్ల ఆగేదీ అక్కడే. కోడు తన నోటితో చెప్పగలిగేదాన్ని మీరు మళ్ళీ ఇంకో భాషలో చెప్తున్నారు, అందుకే అది తెమలట్లేదు.

మా నాన్నగారు కాలువల మీద లస్కరుగా, అంటే తూములు తిప్పి నీళ్ళు వదిలే మనిషిగా, చేశారు. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట కట్టించాడని, అక్కడి నీళ్ళతో ఇవాళ సుమారు 10 లక్షల ఎకరాలు సాగవుతోందని మనందరం బళ్ళో చదువుకున్నాం. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా నదికి అడ్డంగా కట్టి, తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకి నీళ్ళు మళ్ళించారు. ఈ సంగతులన్నీ మ్యాపులో ఉంటాయి. ఏ తూము ఎన్నో మైలు దగ్గరుంది, దానికింద ఆయకట్టు ఎంత అన్నది రిజిస్టర్లో ఉంటుంది. మా నాన్నగారు రిటైరయినప్పుడు ఆ మ్యాపూ ఆ రిజిస్టరూ కొత్తాయన చేతికి అందాయి. అయినా ఆ దాళ్వాకి (రెండో పంటకి) శివారు పొలాలకి నీళ్ళందక గొడవైంది. కొత్తాయన నాలుగు రోజులు వరసగా సాయంత్రం పూట మా అరుగు మీదకొచ్చి కూర్చున్నాడు. ఏ తూము ఎక్కడుందని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. "శివారు నుంచి నీళ్ళు రావట్లేదని ఫోనొస్తే ముందు ఎటెళ్ళాలండి?" అని అడిగాడు. "ఈ షట్టరు రెండంగుళాలకి మించి ఎత్తొద్దని మీరు సుద్దతో గీత గీశారు, ఎందుకండి?" అని అడిగాడు.

మీ డాక్యుమెంటు కూడా ఇలాంటి ప్రశ్నలకి జవాబుగా రాయండి. "బిల్లు తప్పొచ్చిందని ఏజెన్సీ నుంచి ఫోనొస్తే ముందు ఏ ఫోల్డరు తెరవాలి?" అన్నదే మొదటి ప్రశ్న. దీనికి జవాబు దొరకని డాక్యుమెంటు 400 పేజీలున్నా దండగే. దండగ అని ఊరికే అనట్లేదు. హైదరాబాదులో ఉండగా ఒక కంపెనీలో నేనూ అలాంటిదొకటి రాశాను. ప్రతి మాడ్యూలుకీ ఒక అధ్యాయం, ప్రతి అధ్యాయానికీ ఒక బొమ్మ, మొత్తం 90 పేజీలు. మేనేజరు చాలా మెచ్చుకున్నాడు. ఏడాది తర్వాత చూస్తే దాన్ని తెరిచింది నేనూ ఆయనే. టీములో చేతులు మారుతూ తిరిగింది మాత్రం మానేసి వెళ్ళిపోతున్న ఒకావిడ "కొత్తగా వచ్చేవాళ్ళకి" అని రాసి పెట్టిన రెండు పేజీల ఫైలు. అక్కసుగా ఉండేది. తర్వాత చదివితే అర్థమైంది, ఆవిడ రాసినవేవీ కోడులో దొరికేవి కావు.

పీటర్ నౌర్ అని డెన్మార్క్ శాస్త్రవేత్త, 2005లో కంప్యూటర్ రంగంలో పెద్ద బహుమతైన ట్యూరింగ్ అవార్డు తీసుకున్నాయన, 1985లోనే ఒక వ్యాసంలో ఈ సంగతి తేల్చాడు. ప్రోగ్రాము అంటే రాసిన కోడు ఒక్కటే కాదని, అది ఎందుకలా ఉందో రాసినవాళ్ళ బుర్రలో ఉండే అవగాహనే అసలు ప్రోగ్రామని, ఆ మనుషులు వెళ్ళిపోతే కాగితాలతో దాన్ని పూర్తిగా తిరిగి తేలేమని ఆయన వాదన. వింటే నిరుత్సాహంగా ఉంటుంది. నాకు మాత్రం కొంచెం ఊరటగానే అనిపించింది. మొత్తం రాయడం ఎవరివల్లా కాదని తేలిపోయింది కాబట్టి, ఏది రాస్తే ఎక్కువ పనికొస్తుందో ఏరుకోవచ్చు. ఐదారు పేజీలు దాటనివ్వకండి.

మొదటి పేజీలో ఒక పట్టుబడిని పట్టుకుని చెరువు గట్టు నుంచి రైతు బ్యాంకు ఖాతా దాకా నడిపించండి. గట్టు మీద కుర్రాడు ఫోనులో కాటా బరువు, కౌంటు కొట్టి పంపుతాడు. ఆ రిక్వెస్టు ముందు ఏ యూఆర్ఎల్స్ ఫైలుని తాకుతుంది, ఎవరు పంపారో ఎక్కడ సరిచూస్తారు, ఏ సీరియలైజరు దాన్ని వడకడుతుంది, రేటు ఏ ఫైలు కడుతుంది, బిల్లు ఏ పట్టికలో కూర్చుంటుంది, రైతుకి మెసేజి వెళ్ళే పని సెలెరీకి (వెనకపాటుగా పనులు నడిపే పనిముట్టుకి) ఎక్కడ అప్పజెప్తారు. ఒక్క దారి చాలు. అన్ని దారులూ రాయక్కర్లేదు, ఈ దారి తెలిసినవాడు మిగతావి వాటంతట అవే పట్టుకుంటాడు. ఫంక్షన్ పేర్లు మాత్రం పొదుపుగా వాడండి, అవి నెలకోసారి మారతాయి. ఫోల్డర్ పేరు, ముఖ్యమైన క్లాసు పేరు చెప్తే ఎడిటర్లో వెతుక్కుంటారు. లైను నంబర్లకి లింకులు అసలే వద్దు. మీరే చెప్పారుగా, రాస్తుండగానే రెండు ఫైళ్ళు మారాయని.

ఈ దారి రాసేటప్పుడు మీరు బోల్తా పడే చోటు ఒకటుంది. మన డెల్టాలో సాగునీటి కాలువ పైన పోతుంటే మురుగు కాలువ దానికింద అండర్ టన్నెల్లోంచి అడ్డంగా వెళ్ళిపోతుంది. గట్టు మీద నిలబడ్డవాడికి కింద ఇంకో నీరు పారుతోందని తెలీదు. గుర్రపుడెక్క అడ్డంపడి అది పూడిపోయి, అవతల చేలు మునిగితే గాని గుర్తుకురాదు. జాంగోలో సిగ్నల్స్ అచ్చం ఇలాంటివే. బిల్లు సేవ్ అవగానే ఎక్కడో వేరే ఫోల్డర్లో ఉన్న ఫంక్షన్ దానంతట అది నడిచి, రైతు బాకీ సరిచేస్తుంది. బిల్లు ఫైలు ఎన్నిసార్లు చదివినా ఆ పిలుపు అక్కడ కనపడదు. పైగా ఎక్సెల్లోంచి వెయ్యి బిల్లులు బల్క్ క్రియేటుతో ఒక్క ఊపులో ఎక్కించారనుకోండి, ఒక్కో బిల్లుకీ మోగాల్సిన ఆ సిగ్నల్ అసలు మోగదు. పట్టికలో వరసలన్నీ ఒకేసారి అప్‌డేట్ చేసినా అంతే. బిల్లులు ఉంటాయి, బాకీలు కదలవు. కాబట్టి ప్రాజెక్టంతా వెతికి సిగ్నల్స్ ఎక్కడున్నాయో, ఏది సేవ్ అయితే ఏది నడుస్తుందో ఒకచోట రాసిపెట్టండి. మిడిల్‌వేర్, రాత్రిపూట టైముకి నడిచే పనులు, డేటాబేసులోనే కూర్చుని ఉన్న ట్రిగ్గర్లు ఉంటే అవీ ఇదే పేజీలోకి రావాలి. అంటే ఎవరూ పిలవకుండా నడిచేవన్నీ. నన్నడిగితే మీ డాక్యుమెంటులో ఖరీదైన పేజీ ఇదే.

ఆ తర్వాత మాటల పేజీ. మామూలుగా దీన్ని చివర్లో అనుబంధంలా అతికిస్తారు. మీ విషయంలో మాత్రం ముందుకి తీసుకురండి, ఎందుకంటే మీది రొయ్యల కోడు.

కౌంటు సంగతే చూడండి. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. 30 కౌంటు అంటే పెద్ద రొయ్య, 100 కౌంటు అంటే చిన్నది. అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నదవుతుంది, రేటు తగ్గుతుంది. భీమవరంలో టీ కొట్టు దగ్గర నిలబడ్డ ఎవరినడిగినా చెప్తారు. కానీ రేపు మీ కంపెనీలో పుణె నుంచి ఒకబ్బాయి చేరాడనుకోండి. జాంగోలో కౌంట్ అంటే వరసల సంఖ్య చెప్పే మెథడ్ అని అతనికి తెలుసు. ఒక లైనులో కౌంటు అంటే రొయ్య సైజు, పక్క లైనులో కౌంటు అంటే ఎన్ని బిల్లులున్నాయని. "కౌంటు 60 కంటే ఎక్కువైతే" అన్న షరతు చూసి పెద్ద రొయ్యలనుకుంటాడు. సగటు తీయమంటే ఇంకా ప్రమాదం. ఒక రైతుకి 300 కిలోలు 40 కౌంటు, 100 కిలోలు 60 కౌంటు వచ్చాయి. రెండంకెలూ కలిపి సగం చేస్తే 50. కానీ మొత్తం రొయ్యలు 18,000, మొత్తం బరువు 400 కిలోలు, అసలు కౌంటు 45. 45 కౌంటు రేటు రావాల్సిన రైతుకి 50 కౌంటు రేటు కడితే మర్నాడు ఏజెన్సీ ముందు బైకులు వచ్చి ఆగుతాయి. "కౌంటుని బరువుతో తూచి సగటు తీయాలి, ఉత్త సగటు ఎక్కడా వాడకూడదు" అని ఒక్క వాక్యం రాసి ఉంచండి. 

చెరువు విస్తీర్ణం ఇంకో ఉచ్చు. రెండెకరాల ఐదు సెంట్లని మనవాళ్ళు కాగితం మీద 2-5 అని రాస్తారు. ఎకరానికి 100 సెంట్లు కాబట్టి కోడులో అది 2.05. ఎవరైనా 2.5 అని ఎక్కిస్తే 45 సెంట్ల చెరువు గాల్లోంచి పుట్టుకొస్తుంది. మీ డేటాబేసులో ఆ నిలువు వరస దశాంశమా, సెంట్లలో పూర్ణాంకమా అన్నది చెప్పాలి.

తేదీ కూడా. మన పట్టుబడులు చాలావరకు చీకటితోనే మొదలవుతాయి. జాంగోలో టైమ్‌జోన్ సెట్టింగ్ వేసి ఉంటే లోపల భద్రపరిచేది యూటీసీ సమయం, అది మనకంటే ఐదున్నర గంటలు వెనక. పదో తారీకు తెల్లవారుజామున 4 గంటల పట్టుబడి అక్కడ తొమ్మిదో తారీకు రాత్రి 10:30. ఆ సమయాన్ని మన టైములోకి మార్చకుండా తేదీ మాత్రం కత్తిరించి తీస్తే, పదో తారీకు సరుకుకి తొమ్మిదో తారీకు రేటు పడుతుంది. రొయ్యల రేటు ఒక్క రోజులో ఎంత మారుతుందో మీకు చెప్పక్కర్లేదు. మీ సీనియర్ దీన్ని ఎక్కడో ఒకచోట సరిచేసే ఉంటారు. ఆ ఫంక్షన్ ఏదో పట్టుకుని, "తేదీ కావాలంటే దీన్నే అడగండి, నేరుగా తీసుకోవద్దు" అని రాయండి.

మీ భాష ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే వచ్చేసింది. డాక్యుమెంటు ఇంగ్లిషులోనే రాయండి, రేపు ఎవరొస్తారో తెలీదు. కానీ పట్టుబడి, కాటా, చెరువు లాంటి మాటల్ని దయచేసి అనువదించొద్దు. కోడులో ఆ మాటలు ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటాయి, ఐదేళ్ళలో చెరువుని కనీసం రెండు మూడు స్పెల్లింగులతో రాసి ఉంటారని పందెం కాస్తాను. ఏ పట్టికలో ఏ స్పెల్లింగో, ఇకముందు ఏది వాడాలో తేల్చి రాయండి. ఆ మాటకి అర్థం తెలుగు లిపిలో పక్కన పెట్టినా ఎవరూ కాదనరు.

ఇక ఫోల్డర్ల సంగతి. 14 ఫోల్డర్లకీ ఒక్కో వాక్యం చాలు, నిజంగా ఒక్కటే. "ఇందులో ఏముంది" అని కాకుండా "ఏది రాయాలంటే ఇక్కడికి రావాలి" అనే వరసలో రాయండి. రేటు లెక్క మార్చాలంటే ఇది, బ్యాంకుకి పంపే ఫైలు మార్చాలంటే అది. ఒక్క వాక్యంలో ఇమడని ఫోల్డరు ఏదో ఒకటి తగుల్తుంది, సాధారణంగా కామన్ అనో యూటిల్స్ అనో పేరు ఉంటుంది. ప్రతి ఇంట్లో అటక మీద ఒక పాత ట్రంకుపెట్టె ఉంటుందే, అలాంటిది. దాన్ని అందంగా వర్ణించకండి. "చోటు దొరకనివన్నీ ఇందులో పడ్డాయి, కొత్తవి వేయకండి" అని నిజం రాసేయండి. చచ్చిపోయిన ఫోల్డర్లు కూడా ఉంటాయి, ఎప్పుడో ధాన్యం మిల్లు కోసం మొదలుపెట్టి వదిలేసినవి లాంటివి. వాటికి ఎదురుగా "వాడుకలో లేదు" అని రాస్తే, వచ్చేవాళ్ళకి రెండు రోజుల చదువు తప్పుతుంది.

అంతకంటే ముఖ్యం ఏది ఏ గట్టు దాటకూడదో చెప్పడం. మురుగు తెచ్చి సాగునీటి కాలువలో కలపొద్దని మనకి ఎవరూ బోర్డు పెట్టి చెప్పక్కర్లేదు, చూస్తే తెలుస్తుంది. కోడులో అలా కాదు. "రేటు లెక్క కట్టే ఫోల్డరు డేటాబేసుని నేరుగా ముట్టుకోదు" అన్నది మీ సీనియర్ పెట్టుకున్న నియమం అయి ఉండొచ్చు. లేనిదాన్ని చూసి అది కావాలనే లేదని ఎవరూ కనిపెట్టలేరు. ఐదేళ్ళు ఆయన పాటించిన కట్టుబాటుని కొత్తవాళ్ళు ఒక్క ఇంపోర్టు లైనుతో తెంపేస్తారు. పాపం వాళ్ళ తప్పేమీ ఉండదు. ఏ ఫోల్డరు ఎవరిని ఇంపోర్టు చేసుకోవచ్చో, ఎవరిని చేసుకోకూడదో నాలుగు బాణాలు గీసి చూపించండి. పైథాన్‌కి ఇంపోర్ట్ లింటర్ అని ఒక పనిముట్టు ఉంది. ఆ బాణాలనే దాంట్లో నియమాలుగా రాస్తే, ఎవరైనా గట్టు తెంపినప్పుడు టెస్టులతో పాటు అదే కేకేస్తుంది. మొదటిసారి నడపగానే మీ పాత కోడులోనే పది గండ్లు చూపిస్తుంది, భయపడకండి. వాటిని మినహాయింపులుగా రాసుకుని కొత్తవి పడకుండా చూసుకుంటే ప్రస్తుతానికి చాలు.

"ఎందుకు" అన్న ముక్కలకి విడిగా చోటు పెట్టండి. మైకేల్ నైగార్డ్ అనే ఇంజనీరు 2011లో చెప్పిన పద్ధతి చిన్న కంపెనీలకి బాగా సరిపోతుంది. ఒక్కో నిర్ణయానికి ఒక్కో చిన్న ఫైలు, వరస నంబరు. అప్పటి పరిస్థితి ఏమిటి, ఏం నిర్ణయించాం, అది ఇప్పటికీ అమల్లో ఉందా, దానివల్ల వచ్చిన లాభనష్టాలేమిటి. ఒక పేజీ, మహా అయితే రెండు. నిర్ణయం మారితే పాత ఫైలు చెరిపేయరు, "ఫలానా నంబరుతో ఇది రద్దయింది" అని రాసి వదిలేస్తారు. మీ మొదటి ఫైలు ఏదో చెప్పనా? ఆ 2022 ఏప్రిల్ 4 సంగతి.

వదిలేయాల్సినవి గబగబా చెప్పేస్తాను. ఏపీఐల (బయటి ప్రోగ్రాములు మన కోడుని పిలిచే దారుల) జాబితా చేత్తో రాయొద్దు, కోడులోంచే ఓపెన్ ఏపీఐ పత్రం తీయించుకోవచ్చు. పట్టికలూ వాటి మధ్య గీతలూ కూడా అంతే, జాంగో ఎక్స్‌టెన్షన్స్‌లో గ్రాఫ్ మోడల్స్ అనే కమాండు బొమ్మ గీసి ఇస్తుంది. 14 ఫోల్డర్లకీ కలిపి ఒకేసారి గీయిస్తే అది సాలెగూడులా వస్తుంది, బిల్లు చుట్టూ ఉన్న ఐదారు పట్టికలకి మాత్రం తీయించండి. పాస్‌వర్డులు, కీలు ఎట్టి పరిస్థితుల్లోనూ రాయొద్దు. అవి ఎక్కడ ఉంటాయో, ఎవరి దగ్గర అడగాలో రాయండి. మీరు రాసిన 40 పేజీలూ పారేయక్కర్లేదు. వాటిలో పనికొచ్చే వాక్యాలు ఆయా ఫైళ్ళ నెత్తినే డాక్‌స్ట్రింగులుగా, అంటే కోడులోనే ఉండే వివరణలుగా పెట్టేయండి, కోడు మార్చేవాళ్ళ కంటికి అక్కడే ఆనతాయి.

డాక్యుమెంటు ఉండాల్సింది కూడా కోడు పక్కనే, కోడు దాచే అదే రిపోలో. గూగుల్ డాక్‌లోనో వాట్సాప్ గ్రూపులోనో పెడితే మూడు నెలల్లో తప్పిపోతుంది. అమరిక మార్చే పుల్ రిక్వెస్టులోనే (మార్పుని కోడులో కలపమని పంపే విన్నపంలోనే) డాక్యుమెంటు మార్పు కూడా ఉండాలని మీ సార్‌తో ఇప్పుడే ఒప్పించుకోండి. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి వారం పని ఇదే ఇవ్వండి, చదివి తప్పు పట్టమనండి. కొత్త కళ్ళకి కనపడినంతగా మనకి కనపడవు.

రెండు వారాల్లో ఇదంతా అవుతుందా అంటే, అవుతుంది. కాకపోతే ఎక్కడ మొదలుపెట్టాలో చూసుకోవాలి. కోడులో మార్పులన్నీ దాచే గిట్ చరిత్రలోంచి గత ఏడాదిలో ఏ ఫైళ్ళు ఎక్కువసార్లు మారాయో లెక్క తీయండి. 200 ఫైళ్ళలో పదో పదిహేనో మాటిమాటికీ మారుతూ ఉంటాయి, మీ పని ఎక్కువగా వాటి చుట్టూనే ఉంటుంది. మిగతావి ఐదేళ్ళుగా కదల్లేదు, ఇప్పుడు మీరొచ్చి కదిలించక్కర్లేదు. సార్ పేజీలు లెక్కపెట్టే మనిషైతే, నలభై పేజీల వివరణ వద్దు. శనివారం మధ్యాహ్నం ఆయన్ని కూర్చోబెట్టి "బిల్లు తప్పొచ్చింది సార్, ఎక్కడ చూడాలో ఈ ఐదు పేజీలు పట్టుకుని మీరే చెప్పండి" అనండి. ఆయనకి కోడు రాకపోయినా ఫోల్డరు పేరు చెప్పగలిగితే ఇంక పేజీల మాట ఎత్తరు. చెప్పలేకపోతే ఎక్కడ ఆగిపోయారో రాసుకోండి, అక్కడ మీ డాక్యుమెంటుకి గండి ఉన్నట్టు.

ఒక్క మనిషిని మీరు ఉత్తరంలో దాటేశారు. బెంగళూరు వెళ్ళిన సీనియర్ అన్నయ్య. మానేసి నెలే అయిందంటున్నారు, గొడవపడి వెళ్ళినట్టు కూడా రాయలేదు. ఫోను చెయ్యండమ్మా. ఇంకో ఆరు నెలలైతే ఆయనకే గుర్తుండదు. కోడు మొత్తం చెప్పమని అడిగితే మాత్రం ఆదివారం పూట ఎవరూ ఫోనెత్తరు. ముందే మెసేజి పెట్టి, అరగంట అడిగి, మూడే ప్రశ్నలు వేయండి. రాత్రిపూట ఫోనొస్తే మీరు ముందు ఏ ఫైలు తెరిచేవారు? ఏ ఫైలు ముట్టుకోవాలంటే మీకే భయం వేసేది? ఇంకో నెల ఉండి ఉంటే ఏది పడగొట్టి మళ్ళీ రాసేవారు? ఆయన చెప్తుండగా ఆయన మాటల్లోనే రాసుకోండి, మీ ఇంగ్లిషులోకి తర్వాత మార్చుకోవచ్చు. ఆ ఏప్రిల్ 4 సంగతి కూడా ఆయన్నే అడిగి చూడండి. నేను చెప్పింది తప్పయితే నాకో ముక్క రాయండి, పై వారం ఇక్కడే దిద్దుకుంటాను.